కొమ్మ మీద లేని పిట్ట

పోయిన వారం మనం ఈ కుటుంబాన్ని పరాయి దేశపు పార్కులో, చెరువు ఒడ్డున, ఒక బాతు ముక్కు దగ్గర వదిలేసి వచ్చాం. ఆ ముక్కు పసుపుపచ్చగా ఉందని డేగ అన్నాడు. నల్లగా ఉంటుందని పుస్తకం అంది. "మావయ్యా, ఈ బాతుకి గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచి చచ్చేదాకా నల్లముక్కేనట" అని పద్నాలుగేళ్ళ మేనకోడలు బొమ్మ మీద వేలు పెట్టి మరీ చూపించింది. "అయితే దీనికి కామెర్లు వచ్చుంటాయి" అన్నాడు డేగ. అందరూ పడీపడీ నవ్వారు. పిల్ల తండ్రి సిగ్నల్‌మన్ కూడా నవ్వాడు. నవ్వాడు గానీ ఆ ముక్కు చేపముల్లులా అతని గొంతులో అడ్డం పడి అక్కడే ఉండిపోయింది.

ఇవాళే మనతో కలిసినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. లేకపోతే బాతు ముక్కు గురించి ఒక సంసారి ఇంతగా కుమిలిపోవడం విడ్డూరంగా ఉంటుంది.

డేగ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, రేవు యార్డు పెట్టిన పేరు. అరవై అడుగుల ఎత్తున క్రేన్ గదిలో కూర్చుని ఓడలోంచి ఇనుప రేకుల కట్టలు తీసి లారీల మీదికి దించుతాడు. కింద రాలిన బోల్టుకి మర ఉందో అరిగిందో పైనుంచే చెప్తాడని ఆ పేరు వచ్చింది. సిగ్నల్‌మన్ అతని అక్క మొగుడు. యార్డులో ఇంజన్ల రొదకి మాట వినబడదు కాబట్టి కింద ఇతను చేత్తో చెప్తే పైన అతను బరువు కదపాలి. చూపుడువేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని. అరచెయ్యి బోర్లించి నొక్కినట్టు ఊపితే దించమని. పిడికిలి బిగించి తలమీదికెత్తితే ఆగమని. పద్నాలుగేళ్ళు బావ చెయ్యి ఎలా ఆడితే బావమరిది చేతిలో బరువు అలా ఆడింది. "మా ఆయన పెళ్ళాంతో నోటితో మాట్లాడిన దానికంటే నా తమ్ముడితో చేత్తో మాట్లాడిందే ఎక్కువ" అని ఆ ఇల్లాలు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

వీళ్ళ పిట్టల పిచ్చి కూడా ఆ చేతిభాషలోంచే పుట్టింది. ఓడ రాని పూట రేవులో వాలిన పక్షుల్ని పైనుంచి ఒకడూ కిందనుంచి ఒకడూ చూసి సైగలు చేసుకునేవారు. మెల్లగా సెలవు రోజుల్లో ఊళ్ళో పార్కులన్నీ పట్టుకు తిరగడం మొదలుపెట్టారు. ఒక లావుపాటి నోటుపుస్తకం పెట్టారు. దానికో కట్టుబాటు ఉంది. ఇద్దరూ చూస్తేనే అది పిట్ట. ఒక్కడే చూస్తే అది గాలి, రాయకూడదు. అందుకని దాన్ని నాలుగుకళ్ళ పుస్తకం అనేవారు. పేరు తెలియని పిట్ట కనబడితే యార్డులో మనిషిని చూసి పేరు పెట్టేవారు. చేతులు వెనక్కి కట్టుకున్నట్టు తిరిగే కొంగ స్టోర్‌కీపరు. పక్కదాని నోట్లో చేప లాక్కుని మళ్ళీ దాని మీదే అరిచే తెల్లపిట్ట యూనియన్ లీడరు.

ఎనిమిది నెలల కిందట, దిగుతున్న కట్ట అడుగున చెక్కదిమ్మ పక్కకి జరిగింది. గొలుసులు తగిలించే పెద్దాయన దాన్ని కాలితో నెడదామని వంగి లోపలికి పోయాడు. సిగ్నల్‌మన్ చెయ్యెత్తాడు. కట్ట ఆగలేదు. పెద్దాయన మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి వెళ్ళిపోయాడు.

విచారణలో డేగ "బావ అరచెయ్యి ఊపాడు, నేను దించాను" అన్నాడు. సిగ్నల్‌మన్‌కి పిడికిలి బిగించినట్టే గుర్తు. కానీ గుర్తుదేముంది? ఒక తట్టలో తన గుర్తు, ఇంకో తట్టలో డేగ కళ్ళు. ఏ తట్ట దిగుతుంది? డ్రైవరు చూపు ఎలాంటిదని అధికారి అడిగినప్పుడు, చంకలోంచి నాలుగుకళ్ళ పుస్తకం తీసి బల్లమీద పెట్టింది సిగ్నల్‌మనే. ఆ ఏడు ఇద్దరూ కలిసి చూసినవి నలభై ఒక్క పిట్టలు. "ఈ కళ్ళు తప్పు చూడవు సార్. తప్పంటూ జరిగితే నా చెయ్యే చేసుంటుంది" అన్నాడు. అన్న మాట కాయితం మీద రాసి సంతకం పెట్టాడు. తన ఉరితాడు తనే పేని, మెత్తగా ఉండాలని నూనె కూడా రాసి ఇచ్చాడు.

ఆ రోజు నుంచి అతన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. తండ్రి పోయినందుకు పెద్దాయన కూతురికి తండ్రి పనే ఇచ్చారు. పొద్దున్నే ఆ పిల్ల గేట్లోంచి పోతూ సిగ్నల్‌మన్‌ని చూసి మొహం పక్కకి తిప్పుకుంటుంది. అతను తలవంచుకుంటాడు. తండ్రిని చంపిన చెయ్యికి ఎవరు నమస్కారం పెడతారు? అదే చేత్తో ముద్ద కలుపుకోబుద్ధి కాక చెంచా పట్టాడు. ఇంట్లో పెళ్ళాం పోరు పెట్టేది. ఈ దేశంలో అందరూ చెంచాతోనే తింటారు గనక ఇక్కడ మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

సోమవారం విచారణ ఆఖరి తీర్పు. ఉద్యోగం పోతుందా, కేసు కూడా పెడతారా అనేది ఆ రోజు తేలుతుంది. "ఏమయ్యేది ఎలాగూ అవుతుంది. ఈలోగా కొత్త దేశంలో కొత్త పిట్టల్ని చూద్దాం పద బావా" అని డేగే పట్టుబట్టి అందర్నీ బయల్దేరదీశాడు. నాలుగు రోజుల ప్రయాణం. ఇవాళ మూడో పొద్దు.

*

హోటలు నుంచి పార్కుకి పది నిమిషాల నడక. పొద్దున్నే మంచు తడికి బెంచీలు నానిపోయి ఉన్నాయి. గేటు పక్కన ఒక బోర్డు, దాని మీద రొట్టెముక్క, బాతు, రెంటి మీదా అడ్డంగా ఎర్రగీత. మేత వెయ్యొద్దని కాబోలు. సరిగ్గా ఆ బోర్డు కిందే ఒక ముసలావిడ నిలబడి సంచిలోంచి రొట్టె తుంచి తుంచి విసురుతోంది. బోర్డులూ మనుషులూ ఎక్కడైనా అంతే.

ఇల్లాలు బెంచీ మీద ప్లాస్టిక్ సంచి పరుచుకుని కూర్చుంది. "మీరిద్దరూ చుట్టూ తిరిగి రండి. నా మోకాళ్ళకి పిట్టలంటే గౌరవం లేదు."

"మావయ్యా, నిన్నటి కామెర్ల బాతు కనబడితే నేనడిగానని చెప్పు" అంది పిల్ల, బొమ్మల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని.

"చెప్తా. నీ సంబంధం కూడా దానికే ఖాయం చేసి వస్తా" అన్నాడు డేగ.

తల ఒక పక్కకి వాల్చి అన్నాడు. రెండేళ్ళుగా ఎవర్ని చూసినా అలాగే చూస్తున్నాడు, గింజని చూసే కోడిలాగ. పేరొచ్చేసరికి పొగరు కూడా వచ్చిందని యార్డులో అనుకున్నారు. సిగ్నల్‌మన్ కూడా అదే అనుకున్నాడు. ఇవాళ ఆ వాలు చూసేసరికి వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది.

చెరువు అవతలి గట్టుకి చేరాక ఇద్దరూ అలవాటు ప్రకారం పది గజాల ఎడంగా నిలబడ్డారు. మాట్లాడితే పిట్టలు లేచిపోతాయి. అంతా చేతుల మీదే నడవాలి. ఇనుప కంచె మీద బొద్దుగా, గుప్పెడంత పిట్ట ఒకటి వాలింది. సిగ్నల్‌మన్ కుడిచెయ్యి చాచాడు, ఇటు తిప్పమని. డేగ బైనాక్యులర్ ఇటు తిరిగింది. ఇంకా, ఇంకా. పిట్టకి సూటిగా వచ్చేసరికి సిగ్నల్‌మన్ పిడికిలి బిగించి ఎత్తాడు.

బైనాక్యులర్ ఆగలేదు. నిదానంగా, నమ్మకంగా, పిట్టని దాటుకుని పోయింది.

ఆ కదలిక అతనికి తెలిసిన కదలికే. ఎనిమిది నెలల కిందట ఇనుపకట్ట దిగింది కూడా ఇంత నమ్మకంగానే.

ఇంతలో వెనక పొదలోంచి పిట్టేదో కిచకిచమంది. బైనాక్యులర్ గిరుక్కున అటు తిరిగింది. "చూశా బావా, చూశా" అన్నాడు డేగ గొంతు తగ్గించి. పొదలో ఆకులు తప్ప ఏమీ లేవు. పిట్ట ఆకుల వెనకెక్కడో ఉంది.

మన ఊళ్ళో ఏ పిట్ట ఏ గొంతుతో కూస్తుందో డేగకి తెలుసు. వింటే చాలు, రంగూ రూపూ అప్పజెప్పగలడు. ఇక్కడి పిట్టల గొంతులు అతనికి కొత్త. చెవి ఓడిపోయిన చోట కన్ను బయటపడింది.

సిగ్నల్‌మన్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎదురుగా ఆకు రాలిన చెట్టొకటి ఉంది, ఊడ్చిన చీపురులా. ఒక్క కొమ్మ మీద ఒక్క రెక్క లేదు. తను చెయ్యబోయేది నీచమైన పని అని అతనికి తెలుసు. చెయ్యకుండా ఉండడం చేతకాలేదు.

"అదిగో" అన్నాడు. "ఎడమ పక్క పొడుగు కొమ్మ. చిటారున."

బైనాక్యులర్ లేచింది. "ఆఁ."

"పచ్చ రెక్కలు. తోక ఎలా ఆడిస్తోందో చూడు."

"అబ్బ, ఏం తోక బావా! మన టైమ్‌కీపరు పెళ్ళిలో డాన్సు చేసినట్టు లేదూ?"

"గొంతు కింద రంగేంటి? నాకు సరిగ్గా అందడం లేదు."

డేగ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో నాకేం కనబడడం లేదు బావా అంటే బాగుండునని సిగ్నల్‌మన్ దేవుళ్ళందరికీ మొక్కాడు.

"ఎరుపు" అన్నాడు డేగ. "కదూ?"

"ఎరుపే."

"ఇంకేం మరి. రాయి, ఎగిరిపోకముందే."

సిగ్నల్‌మన్ జేబులోంచి నాలుగుకళ్ళ పుస్తకం తీశాడు. పెన్ను తీశాడు. రాసి, పుస్తకం డేగ చేతికిచ్చాడు. "పేరు నేనే పెట్టా. ఎలా ఉందో చెప్పు."

డేగ పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తల వాల్చాడు. ఇటు జరిపాడు, అటు జరిపాడు. ఆఖరికి నవ్వాడు. "భలే పెట్టావు బావా. అచ్చు అలాగే ఉంది."

"ఎలా ఉంది?"

"అదే... నువ్వు రాసినట్టే."

"కొమ్మ మీద పిట్ట లేదు అని రాశాన్రా."

చెరువులో బాతు ఒకటి మునిగి, దూరంగా తేలింది. బోర్డు కింద ముసలావిడ సంచి దులుపుకుని వెళ్ళిపోతోంది. డేగ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. దీపం ఆరిపోయినా వత్తి కాసేపు ఎర్రగా ఉంటుందే, అలా ఉంది ఆ నవ్వు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు సిగ్నల్‌మన్.

"ఏది?"

"నాతో ఆటలాడకు."

డేగ తడి గడ్డి మీదే కూలబడ్డాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. "రెండేళ్ళ పైన. మధ్యలో మచ్చ బావా. చుట్టూ కనబడుతుంది, సూటిగా చూసిందే కనబడదు. నీ మొహం చూడాలంటే నీ చెవి పక్కనున్న గాలిని చూడాలి. ఇద్దరు డాక్టర్లకి చూపించుకున్నా. పెరగడమే గానీ తగ్గడం లేదన్నారు."

"మరి యార్డులో ఏటేటా కళ్ళ పరీక్ష?"

"అక్షరాల అట్ట మారిస్తేగా! పదేళ్ళుగా అదే అట్ట, అదే గోడ. కింది వరసదాకా కంఠతా వచ్చు నాకు. నిద్రలో లేపి అడిగినా చెప్తా."

"ఆ రోజు నా చెయ్యి?"

డేగ పుస్తకం అట్ట మీద వేలితో గీతలు గీశాడు.

"నిన్నేరా. ఆ రోజు నా చెయ్యి కనబడిందా?"

"లేచిందని తెలిసింది" అన్నాడు డేగ, గడ్డిపోచ తెంపుతూ. "అరచెయ్యో పిడికిలో తెలీలా. నీ చెయ్యి పద్నాలుగేళ్ళుగా నాకు పాఠం బావా. కట్ట లారీ అంచు దాటాక నువ్వు లెక్కగా అయిదు ఊపులు ఊపుతావు. మూడయ్యాయి అనుకున్నా. ఇంకా రెండున్నాయి కదా అని..."

"దించావు."

"దించా."

సిగ్నల్‌మన్ తన కుడిచేతిని చూసుకున్నాడు. తెరిచి చూశాడు, మూసి చూశాడు. ఎనిమిది నెలలుగా దాన్ని ఇంట్లో కరిచే కుక్కలా కట్టేసి పెట్టాడు. కూతురి తల నిమరడానికి చాచి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. అది ఆ రోజు చెయ్యాల్సిన పనే చేసిందట. ఈ మాట వింటే గుండెల మీద బండ దిగిపోవాలి. దిగలేదు. ఒక బండ తీసి దాని చోట ఇంకోటి పెట్టినట్టుందంతే.

"మరి అరచెయ్యి చూశానని ఎందుకు చెప్పావు?"

"చూడలేదని చెప్తే ఎందుకు చూడలేదంటారు."

"అంటే నేను పోయినా సరే."

"నువ్వు పుస్తకం తీసి బల్లమీద పెడతావని నాకు కలొచ్చిందా బావా?" అన్నాడు డేగ. "ఈ కళ్ళు తప్పు చూడవు అని నువ్వంటుంటే నా కాళ్ళ కింద నేల లేదు. నోరు తెరుద్దామనుకున్నా. నువ్వు ఆగకుండా చెప్పుకుంటూ పోయావు. లకుముకి పిట్ట అన్నావు, వడ్రంగి పిట్ట అన్నావు, తారీకులతో సహా. ఆ నలభై ఒకటిలో నేను చూసింది ఒక్కటీ లేదు. నువ్వు చూసి చెప్పేవాడివి, నేను ఊఁ కొట్టేవాణ్ణి."

పుస్తకంలో ఉన్నవి నాలుగు కళ్ళు కావు, రెండే. ఆ రెండూ తనవే. మనిషి గుడ్డివాడు కావడానికి కళ్ళు పోనక్కర్లేదని సిగ్నల్‌మన్‌కి అప్పుడు తోచింది.

"దిగిపోవచ్చుగా" అన్నాడు. "ఆ మాయదారి క్రేన్ దిగిపోయి ఏదో ఒక పని..."

"ఏం పని? కింద నిలబడితే నాకు మనుషుల మొహాలుండవు బావా. ఎదురొచ్చింది మేనేజరో, స్వీపరో తెలీదు. పైనుంచి చూస్తే ఎవడికీ ఎవడి మొహమూ కనబడదు. అక్కడ నేనూ అందరిలాంటివాణ్ణే."

కొట్టాలని వచ్చినవాడు ఎదుటివాడి ఒంటి మీద పాత దెబ్బలు చూసి నిలబడిపోయినట్టు సిగ్నల్‌మన్ నిలబడ్డాడు.

"ఇప్పుడెలా నడుపుతున్నావు?"

"కొత్త సిగ్నల్‌మన్ విజిల్ వేస్తాడు. ఎత్తడానికి ఒకటి, దించడానికి రెండు, ఆపడానికి పొడుగ్గా. వాడి ధర్మమా అని..."

"ఒకరోజు వాడికి దగ్గొచ్చి విజిల్ మోగలేదనుకో. కట్ట కింద ఎవరుంటారు?"

డేగ ఇంకో గడ్డిపోచ తెంపాడు.

"చెప్పరా. పెద్దాయన పోయాక గొలుసులు ఎవరు తగిలిస్తున్నారు?"

"కూతురు" అన్నాడు డేగ. వినీ వినబడకుండా అన్నాడు.

"సోమవారం తీర్పు. ఆ రోజు నువ్వే లేచి చెప్పు."

"చెప్పలేను బావా."

"అయితే నేను చెప్తా."

"నిన్నెవరు నమ్ముతారు?"

ఎకసెక్కంగా అన్న మాట కాదది. జ్వరం ఎంతుందో చూసి చెప్పినట్టు అన్నాడు. సిగ్నల్‌మన్‌కీ అది తెలుసు. చెయ్యి తప్పిందని తన రాతతో తను రాసిచ్చాడు. బావమరిదివి డేగకళ్ళని తన పుస్తకంతో తను రుజువు చేశాడు. ఇప్పుడు వెళ్ళి కాదంటే, నౌకరీ పోయే వేళకి పెళ్ళాం తమ్ముడి మీదికి తోస్తున్నాడు, ఎంత సిగ్గులేనివాడు అంటారు. అట్ట మార్చి కళ్ళు పరీక్ష చెయ్యండి అని అడగొచ్చు. అడిగితే, వీడు జైలుకి, తను ఇంటికి. ఆ ఇంట్లో ఉండేది వీడి అక్క. అడక్కపోతే రేపో మాపో ఇంకో కట్ట దిగుతుంది. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒక్కసారే తెగిపోయే సుఖముంది.

"నాన్నా! అంతసేపు ఏం పిట్టని చూస్తున్నారు?"

పిల్ల పరిగెత్తుకొచ్చింది. వెనక తల్లి మోకాలు పట్టుకుని మెల్లగా వస్తోంది. "రంగు చెప్పండి, నేను వెతుకుతా. మావయ్యా, నువ్వు చెప్పు, నువ్వయితే ఈకలు లెక్కపెట్టి చెప్తావు."

డేగ నోరు తెరిచాడు. పచ్చ అనబోయాడో ఏమో, పెదవులు కదిలాయి.

"ఎగిరిపోయిందమ్మా" అన్నాడు సిగ్నల్‌మన్.

"ఇద్దరూ చూశారా మరి? పుస్తకంలో రాశారా?"

ఆ పిల్ల వంగి డేగ ఒళ్ళోంచి పుస్తకం అందుకోబోయింది. అంతలో తల్లి వచ్చి పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "ఫ్లాస్కు బెంచీ మీదే మర్చిపోయాను. పరిగెత్తుకెళ్ళి పట్రా, ఎవరైనా తీసుకుపోతారు."

"ఇక్కడెవరూ తియ్యరమ్మా."

"తెమ్మన్నానా!"

పిల్ల మూతి ముడుచుకుని వెళ్ళింది. ఆవిడ పుస్తకం తీసుకుంది. ఆఖరి పేజీ చదివింది. ఒకసారి ఊడ్చిన చీపురులాంటి ఆ చెట్టు వైపు చూసింది. గడ్డిలో కూర్చున్న తమ్ముణ్ణి చూసింది. ఇదేమిటని అడగలేదు. ఆశ్చర్యపోలేదు. పుస్తకం మూసి, పైటతో అట్ట మీది తడి తుడిచింది.

"తెలిసిపోయిందన్నమాట" అంది.

సిగ్నల్‌మన్ చెవుల్లో యార్డు ఇంజన్లన్నీ ఒక్కసారి మోగినట్టయింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"విచారణ రోజు పొద్దున ఈ పుస్తకం బీరువాలోంచి తీసి మీ చేతికిచ్చిందెవరు?"

ఆవిడే. ఇస్తరీ చొక్కాతో పాటు తెచ్చి ఇచ్చింది. తీసుకెళ్ళండి, తమ్ముడి చూపు ఎలాంటిదో వాళ్ళకీ తెలుస్తుంది అంది. మా ఆవిడకి ఎంత ముందుచూపు అని ఆ రోజు అతను మురిసిపోయాడు కూడా.

"చెయ్యి తప్పిందంటే మనుషులు క్షమిస్తారండీ" అంది ఆవిడ. గొంతు ఎత్తలేదు. "ఎవరి చెయ్యి తప్పదు? కళ్ళు లేవని తెలిసీ ఎక్కాడంటే వీణ్ణి ఎవరు క్షమిస్తారు? నేను చూసుకున్న లెక్క అది. తప్పే. మీకు గేటు దగ్గర కుర్చీ అయినా ఉంటుందనుకున్నాను. మీరు చెంచా పట్టుకుంటారని నాకేం తెలుసు!"

"అక్కా, ఇక చాలు" అన్నాడు డేగ.

"నువ్వు నోరుమూసుకో. అసలుది నీకూ తెలీదు." ఆవిడ మొగుడి దగ్గరికి ఒక అడుగు వేసింది. "ఇంకొకటుందండీ. ఇది కూడా ఇవాళే వినెయ్యండి."

సిగ్నల్‌మన్ చెయ్యి దానంతట అదే లేచింది. పిడికిలి బిగుసుకుంది. తల మీదికి పోయింది. పద్నాలుగేళ్ళ అలవాటు. ఆవిడకీ ఆ సైగ తెలుసు. ఆవిడ కళ్ళు మంచివే. సూటిగా ఆ పిడికిలినే చూసింది.

ఆగలేదు.

"గొలుసు పెద్దాయన చూశాడండీ మీ పిడికిలి. కట్ట కింద నుంచి తలెత్తి చూశాడట. మూడు రోజులు బతికున్నాడుగా, ఆస్పత్రిలో కూతురికి చెప్పి మరీ పోయాడు. సిగ్నలాయన ఆపమన్నాడమ్మా, ఆయన్నేమీ అనొద్దు అని. విచారణకి ముందు రోజు ఆ పిల్ల మన గుమ్మం దాకా వచ్చింది. మీరు బయటికెళ్ళారు. మీతో నేను చెప్తానని మాటిచ్చి పంపించేశాను."

పైకెత్తిన చెయ్యి పైనే ఉండిపోయింది. దించమని ఎవరు చెప్పాలో దానికి తెలియలేదు.

"చెప్పానని ఆ మర్నాడే కబురు కూడా పెట్టాను" అంది ఆవిడ. "అన్నీ తెలిసే మీరు ఆ సంతకం పెట్టారని, తెలిసే వీణ్ణి మళ్ళీ ఆ క్రేన్ ఎక్కనిచ్చారని అనుకుంటోందండీ ఆ పిల్ల. ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున గేటు దగ్గర మొహం తిప్పుకుంటున్నది అందుకే."